డబ్బు కట్టడానికి మేమే, పేరు దిద్దడానికి మాత్రం ఎవరమో

డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటు చిరునామా, కొన్న ప్రతి ఒక్కరూ ఒక ఒప్పందానికి తలూపినట్టే. దాన్ని పూర్తిగా చదివినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. అందులో ఓ షరతు ఉంటుంది. మీ పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్ సరిగ్గా ఇవ్వాలి. ఏది మారినా 7 రోజుల్లో సరిచేయాలి. కావాలని తప్పు ఇచ్చినా, వివరాల గురించి రిజిస్ట్రార్ (ఆ పేరు నమోదు చేసి అమ్మే కంపెనీ) అడిగితే 15 రోజులు దాటినా పలక్కపోయినా డొమైన్‌ని ఆపేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. రిజిస్ట్రార్ సొంతంగా పెట్టుకున్న నిబంధన కాదిది. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి పేర్ల వ్యవస్థను చూసే ఐక్యాన్, 2013లో రిజిస్ట్రార్ల కోసం రాసిన ఒప్పందంలోనే ఉంది. చదివితే న్యాయంగానే అనిపిస్తుంది. ఆ షరతుతో నాకేమీ పేచీ లేదు. తప్పు ఉంచుకుంటే ఏం చేస్తారో అంత వివరంగా రాసినవాళ్ళు, ఉన్న తప్పు దిద్దుకోవాలంటే ఎలాగో రాయడం మర్చిపోయారు. నా పేచీ అక్కడ.

నేనూ కొందరు మిత్రులూ కలిసి ఓ చిన్న సాహిత్య సంస్థ వెబ్‌సైటు నడుపుతున్నాం. చాలా ఏళ్ళ కింద ఆ సైటు కట్టిపెట్టిన డిజైనర్ గారే డొమైన్ కూడా కొన్నారు. అప్పట్లో అందరూ చేసిన పనే. ఫారంలో తన పేరు రాసుకున్నారు, 'ఆర్గనైజేషన్' అన్న గడిలో తన కంపెనీ పేరు పెట్టారు, కంపెనీ ఈమెయిల్ ఇచ్చారు. తర్వాత ఆ కంపెనీ మూతపడింది, ఆయన వేరే ఉద్యోగంలో చేరారు. వెళ్తూ వెళ్తూ లాగిన్, పాస్‌వర్డ్ మాకు అప్పజెప్పారు. అప్పటినుంచి రెన్యువల్ డబ్బు మా కోశాధికారి కార్డు నుంచే పోతోంది. నేమ్ సర్వర్లు (ఆ పేరు కొడితే ఏ సైటుకి వెళ్ళాలో చెప్పేవి) మార్చాలన్నా, సైటును వేరే హోస్టింగుకి పంపాలన్నా మేమే చేస్తున్నాం. అన్ని పనులకూ మేమే యజమానులం. రికార్డులో మాత్రం మేం లేం.

మామూలు మనిషికి తెలియని తిరకాసు ఇక్కడ ఒకటుంది. రిజిస్ట్రార్ దగ్గర మనకి రెండు గుర్తింపులుంటాయి. ఒకటి అకౌంటు: లాగిన్ అయ్యేది, బిల్లు కట్టేది. రెండోది రిజిస్ట్రెంట్: ఆ డొమైన్ ఎవరిదని రికార్డు చెబుతుందో ఆ పేరు. రెండింటికీ వేర్వేరు ఈమెయిళ్ళు ఉండొచ్చు. బిల్లులు అకౌంటు ఈమెయిల్‌కి వస్తాయి కాబట్టి అంతా సవ్యంగా ఉందనే అనుకుంటాం. 'మీ వివరాలు సరిగ్గా ఉన్నాయా, ఒకసారి చూసుకోండి' అని ఏటా ఒక ఉత్తరం పంపాలని 2003లోనే ఐక్యాన్ నియమం పెట్టింది. ఆ ఉత్తరం రిజిస్ట్రెంట్‌కి రాసేది. మా విషయంలో అది ఏటా మూతపడ్డ కంపెనీ చిరునామాకి వెళ్ళి, 'మీ ఈమెయిల్ ఇదేనా?' అని ఆ ఈమెయిల్‌నే అడిగి వస్తోంది.

సంగతి తెలిశాక సరిచేద్దామని కూర్చున్నాం. లాగిన్ అయ్యాను, వివరాల పేజీ తెరిచాను, పేరూ ఈమెయిలూ మార్చి 'సేవ్' నొక్కాను. పసుపు రంగు పట్టీ ఒకటి వచ్చింది: మార్పును ఆమోదించడానికి పాత ఈమెయిల్‌కి లింకు పంపాం. చాట్‌లోకి వెళ్ళాను.

"పాత ఈమెయిల్‌కి వచ్చిన లింకు నొక్కితే చాలు సార్" అన్నాడు అవతలి అబ్బాయి.

"ఆ కంపెనీ మూతపడింది బాబూ. ఆ ఈమెయిల్ ఇప్పుడు ఎవరికీ లేదు."

"అయితే ముందు ఈమెయిల్ మార్చుకోండి సార్."

"ఎలా మార్చాలి?"

"వివరాల పేజీలో కొత్త ఈమెయిల్ ఇచ్చి సేవ్ చేయండి. పాత ఈమెయిల్‌కి లింకు వస్తుంది."

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అని మనవాళ్ళు అన్నది ఇలాంటివాళ్ళని చూసే అయ్యుంటుంది. పాపం ఆ అబ్బాయిని అనడానికేం లేదు. అతని ముందున్న స్క్రీను మీద ఉన్నదే అతను చదివాడు. ఆ స్క్రీను వెనకున్న నియమం 2016 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రెంట్ పేరు గానీ, ఆర్గనైజేషన్ గానీ, ఈమెయిల్ గానీ మారితే దాన్ని చేతులు మారినట్టే లెక్కేయాలి. పాత మనిషీ, కొత్త మనిషీ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆపైన 60 రోజుల పాటు ఆ డొమైన్ వేరే రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళకుండా తాళం. ముందే వద్దనుకునే వీలును రిజిస్ట్రార్ ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, వాళ్ళిష్టం.

ఆ నియమంలో అచ్చుతప్పు దిద్దితే అది పెద్ద మార్పు కిందికి రాదని స్పష్టంగానే ఉంది. కానీ ఒక అక్షరం తేడా అచ్చుతప్పా, లేక వేరే మనిషి పేరా అని తేల్చాలంటే మనిషి చూడాలి. సాఫ్ట్‌వేర్‌కి రెండూ ఒకటే. పేరు చివర అక్షరం ఒకటి ఎగిరిపోయిందని దిద్దబోయిన నా స్నేహితురాలికి కూడా ఇదే పసుపు పట్టీ ఎదురైంది. ఆమె పాత ఈమెయిల్ పనిచేస్తోంది కాబట్టి గండం గడిచింది. లేకపోతే తన పేరు తనే దిద్దుకోవడానికి, తప్పుగా రాసి ఉన్న తన అనుమతి తనే సంపాదించుకోవాల్సి వచ్చేది.

ఇంకో ముచ్చట చెప్పాలి, ఎందుకంటే ఇది వినడానికి నవ్వొచ్చినా నాకు నిద్ర పట్టనివ్వలేదు. మూతపడ్డ కంపెనీ తన సొంత డొమైన్‌ని రెన్యూ చేయలేదు. అది గడువు దాటి, వదిలేసిన డొమైన్ల గుట్టలో పడింది. ఎవరో కొనుక్కున్నారు. తెరిచి చూస్తే వరసగా ప్రకటనల లింకులున్న పేజీ కనబడింది. అంటే మా రికార్డులో ఉన్న ఈమెయిల్ చచ్చిపోలేదు. దాని వెనక ఇప్పుడు మాకు ముక్కూ మొహం తెలియని మనిషి ఉన్నాడు. రిజిస్ట్రార్ వాళ్ళని అడిగితే, "మా మెయిళ్ళు వెనక్కి రావట్లేదు సార్, చేరుతున్నాయి" అన్నారు. అదేదో శుభవార్త అయినట్టు. నేను 'సేవ్' నొక్కిన ప్రతిసారీ ఆమోదించే లింకు వెళ్తున్నది ఆ మనిషి గుమ్మం ముందుకి. ఇక నొక్కడం మానేశాను.

ఈ తాళం ఎవరి కోసం వేసినట్టు? డబ్బులు కట్టేవాడు, లాగిన్ ఉన్నవాడు, సైటు నడిపేవాడు బయట నిలబడ్డాడు. గడువు దాటిన ఓ డొమైన్‌ని అందరిలాగే మామూలు ధరకి కొనుక్కున్న పరాయివాడి చేతిలో తాళంచెవి ఉంది. ఆ డొమైన్ ఇంకా అమ్మకానికి ఉండి ఉంటే నేనే కొని, అదే పేరుతో మెయిల్‌బాక్స్ తెరిచి, లింకు నొక్కేసి పని కానిచ్చుకునేవాణ్ణి. రిజిస్ట్రార్ దృష్టిలో అది నిక్కచ్చిగా నియమం పాటించినట్టే. నిజానికి అదే పద్ధతిలో డొమైన్లు కొట్టేసేవాళ్ళు ఉన్నారు.

అలాగని తాళమే వద్దనడం లేదు. తాళం ఎందుకొచ్చిందో తెలియాలంటే సెక్స్ డాట్ కామ్ కేసు గుర్తుచేసుకోవాలి. గ్యారీ క్రెమెన్ అనే ఆయన 1994లో ఆ పేరు రిజిస్టర్ చేసుకున్నాడు. 1995లో స్టీఫెన్ కోహెన్ అనే మోసగాడు రిజిస్ట్రార్ నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కి ఒక దొంగ ఉత్తరం పంపించాడు. క్రెమెన్ సంస్థే కోహెన్‌కి రాసినట్టుండే ఆ ఉత్తరంలో, మేం క్రెమెన్‌ని తీసేశాం, డొమైన్‌ని కోహెన్‌కి ఇచ్చేస్తున్నాం అని ఉంది. ఆన్‌లైన్ పేరు పెట్టుకున్న ఆ సంస్థ, 'మాకు ఇంటర్నెట్ కనెక్షన్ నేరుగా లేదు కాబట్టి ఈ మార్పు సంగతి మీరే రిజిస్ట్రేషన్ వాళ్ళకి తెలియజేయండి' అని కూడా అందులో రాసుకుంది. చిన్నపిల్లాడికైనా అనుమానం రావాలి. క్రెమెన్‌కి ఒక్క మాట చెప్పకుండా రికార్డు మార్చేశారు. అది తిరిగి రాబట్టుకోవడానికి ఆయనకి 2000 చివరిదాకా పట్టింది. 2001లో కోర్టు 6.5 కోట్ల డాలర్లు కట్టమని కోహెన్‌ని ఆదేశిస్తే, అతను దేశం వదిలి పారిపోయాడు. డొమైన్ కూడా ఆస్తేననీ, దాన్ని ఇంకొకరికి అప్పజెప్పినందుకు రిజిస్ట్రార్ కూడా బాధ్యత వహించాల్సి రావొచ్చనీ 2003లో అప్పీలు కోర్టు అంది.

కాబట్టి పాత మనిషిని అడక్కుండా పేరు మార్చకూడదన్న భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఆ కేసును మళ్ళీ చదివితే నాకు వేరే సంగతి కనిపిస్తుంది. అక్కడ పోయింది తాళం కాదు, మనిషి చూపు. ఆ ఉత్తరం చదివిన మనిషి ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. తర్వాత వచ్చిన వ్యవస్థ ఆ మనిషికి చూడటం నేర్పలేదు. మనిషినే తీసేసి, ఆ స్థానంలో ఈమెయిల్ లింకు పెట్టింది. ఇప్పుడు కోహెన్ లాంటివాడు వస్తే అతను ఉత్తరం రాసే పని కూడా లేదు. మెయిల్‌బాక్స్ దొరికితే చాలు.

నిజం ఎంత, అబద్ధం ఎంత అన్న లెక్కకి వస్తే ఈ వ్యవస్థ అసలు నిజాన్ని చూడనే చూడదు. 2013 ఒప్పందం ప్రకారం రిజిస్ట్రార్ చేయాల్సింది ఏమిటంటే, వివరాలు సరైన రూపంలో ఉన్నాయా అని చూడటం, ఈమెయిల్‌కో ఫోన్‌కో కోడ్ పంపి జవాబు వస్తుందా అని చూడటం. 15 రోజుల్లో జవాబు రాకపోతే స్వయంగా విచారించాలి, లేదా డొమైన్‌ని నిలిపేయాలి. ఈమెయిల్ పలికితే అయిపోయింది. పేరు గడిలో నోటికొచ్చింది రాసినా, వీధి పేరు కల్పించినా, పలికే ఈమెయిల్ ఒకటి పెట్టుకున్నవాడు హాయిగా గట్టెక్కుతాడు. మోసం చేయాలనుకున్నవాడు కచ్చితంగా పెట్టుకునేది అదొక్కటే. ఈ నియమం 2014లో మొదలైన కొన్ని నెలలకే 8 లక్షలకు పైగా డొమైన్లు ఆగిపోయాయని రిజిస్ట్రార్లు చెప్పారు. అందులో ఎందరు మోసగాళ్ళో, ఎందరు మెయిల్ స్పామ్‌లో పడిపోయిన మామూలువాళ్ళో ఊహించడం కష్టం కాదు. మోసగాడు ఆ కోడ్ కోసం కాచుకుని కూర్చుంటాడు. మామూలువాడు పనిలో ఉండి చూసుకోడు.

అంతకుముందు ఇంకా అధ్వాన్నం. 2005లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఈ రికార్డులను పరీక్షించి, కళ్ళకు కట్టినట్టు తప్పున్న 45 కేసులను ఐక్యాన్‌కి ఫిర్యాదు చేసింది. 30 రోజుల తర్వాత చూస్తే వాటిలో 33 అలాగే ఉన్నాయి. అమెరికా పార్లమెంటుకి లెక్కలు అప్పజెప్పే సంస్థ ఫిర్యాదు చేస్తే అది పరిస్థితి. 2010లో ఐక్యాన్ చేయించిన ఒక అధ్యయనంలో, పేరూ చిరునామా పూర్తిగా సరిపోయి, యజమాని నేనే అని కూడా ఒప్పుకున్న రికార్డులు 23 శాతమే తేలాయి. మిగతావన్నీ దొంగలవని కాదు. ఇల్లు మారినవాళ్ళు, ఉద్యోగం మారినవాళ్ళు, మా డిజైనర్ గారిలా కస్టమర్ తరఫున తమ పేరు రాసేసినవాళ్ళు. ఇలాంటి తప్పులు దుర్బుద్ధితో పుట్టవు. కాలం గడిస్తే వాటంతటవే పుడతాయి. వాటిని మోసంతో కలిపి ఒకే గాటన కట్టి, ఒకే తాళం వేయడమే ఈ తిప్పలన్నిటికీ మూలం.

డిజైనర్ గారి సంగతి చెప్పనేలేదు. ఆయన దొరికారు. ఫోను చేయగానే నవ్వేసి, "అయ్యో, అది మీదే కదండీ, ఏం కావాలంటే అది రాసిస్తాను" అన్నారు. సంతకం చేసిన ఉత్తరం, గుర్తింపు కార్డు నకలు కూడా పంపారు. అది చూసి రిజిస్ట్రార్ వాళ్ళన్న మాట: ఆర్గనైజేషన్ గడి నిండి ఉంది కాబట్టి డొమైన్ ఆయనది కాదు, ఆ కంపెనీది, కంపెనీ లెటర్‌హెడ్ మీద, కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రంతో రావాలి. కంపెనీ లేదు మొర్రో అంటే, లేదని రుజువు పెట్టమన్నారు. రుజువు పెట్టాక, లేని కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఆయనకి ఉన్నట్టు రుజువు అడిగారు.

ఆర్గనైజేషన్ గడి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎన్నో ఏళ్ళుగా జనం ఆ గడిని నింపినంత నిర్లక్ష్యంగా ఇంకే గడినీ నింపి ఉండరు. తప్పనిసరి కాదు కాబట్టి కొందరు వదిలేశారు, కొందరు తాము పనిచేసే ఆఫీసు పేరు రాశారు, కొందరు బ్లాగు పేరు రాశారు. 2025 ఆగస్టు 21 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఐక్యాన్ రిజిస్ట్రేషన్ డేటా విధానం ప్రకారం, ఆ గడిలో పేరుండి అది ఖరారైతే, డొమైన్ యజమాని ఆ సంస్థే. ఖరారు చేసుకోమని రిజిస్ట్రెంట్‌కి కబురు పంపాలట. ఎక్కడికో చెప్పక్కర్లేదుగా.

రిజిస్ట్రార్ దగ్గర నేరుగా కొన్నవాళ్ళం కాబట్టి మాకు ఇంకో నరకం తప్పింది. చాలామంది కొనేది రీసెల్లర్ దగ్గర, అంటే రిజిస్ట్రార్ సరుకును తిరిగి అమ్మేవాడి దగ్గర. రీసెల్లర్ వెనక ఇంకో రీసెల్లర్, ఆ వెనకెక్కడో ఐక్యాన్ గుర్తింపున్న రిజిస్ట్రార్. తప్పు దిద్దమని రిజిస్ట్రార్‌ని అడిగితే మీరు మా కస్టమర్ కాదు, రీసెల్లర్ దగ్గరికి వెళ్ళమంటారు. రీసెల్లర్ ఫోనెత్తడు. కాగితం ప్రకారం రీసెల్లర్ చేసిన పనులకీ రిజిస్ట్రారే జవాబుదారీ. కాగితం చదివి వినిపించేంత ఓపిక ఎందరికుంటుంది?

ఇక ఫిర్యాదు దారి. ఐక్యాన్ సైటులో 'ఈ రికార్డు తప్పు' అని చెప్పే ఫారం ఉంది. అది ఎవరైనా నింపొచ్చు. ఫిర్యాదు రిజిస్ట్రార్‌కి వెళ్తుంది, రిజిస్ట్రార్ విచారించాలి. మంచిదే కదా, మన రికార్డు మీద మనమే ఫిర్యాదు చేద్దామని ఒక మిత్రుడన్నాడు. ఆగమన్నాను. విచారణ అంటే రిజిస్ట్రార్ రికార్డులో ఉన్న ఈమెయిల్‌కి రాస్తాడు. 15 రోజులు చూస్తాడు. అక్కడున్న పరాయివాడు పలక్కపోతే మా సైటు ఆగిపోతుంది. పలికితే ఇంకా ప్రమాదం, 'అవును, నేనే' అంటే ఏం చేస్తాం? నిజం చెప్పినందుకు మనకే దెబ్బ తగిలేలా ఉంటే ఎవడు నిజం చెప్పడానికి ముందుకొస్తాడు? అందుకే ఈ తప్పులు తెలిసి కూడా జనం కిమ్మనకుండా రెన్యువల్ కట్టుకుంటూ పోతున్నారు.

ఈ రికార్డుల పుట్టుక చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1982లో హూఈజ్ (ఈ రికార్డులు చూసే పాత పద్ధతి) గురించి మొదటిసారి రాసిన పత్రంలో ఉన్నది ఒక ఫోను డైరెక్టరీ లాంటి వ్యవహారం. ఇంటర్నెట్‌కి ముందున్న అర్పానెట్ అనే నెట్‌వర్క్ వాడే ప్రతివాళ్ళూ తమ పూర్తి పేరు, చిరునామా, ఫోను, మెయిల్‌బాక్స్ రాసి ఒక ఈమెయిల్ పంపితే, సమాచార కేంద్రంలో మనుషులు దాన్ని చేర్చుకునేవాళ్ళు. అందరూ అందరికీ తెలిసిన చిన్న లోకం. ఆ లోకం పెరిగి కోట్ల డొమైన్లయింది. 2025 జనవరి 28తో డాట్ కామ్ వంటి వాటికి పాత హూఈజ్ సేవ ఇచ్చి తీరాలన్న బాధ్యత కూడా ముగిసింది. దాని స్థానంలో ఆర్‌డీఏపీ అనే కొత్త పద్ధతి నిలబడింది. హూఈజ్‌లో ఏ లిపిలో రాశారో చెప్పే వీలు కూడా లేదు. ఆర్‌డీఏపీలో ఆ ఇబ్బంది లేదు, ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. చూసే కిటికీ మారింది, సంతోషం. లోపలున్న చెత్త అలాగే ఉంది.

పైగా ఇప్పుడు ఆ చెత్త మనకి కనిపించదు. 2018 మే 25న ఐరోపా సమాఖ్య వారి వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చింది. దానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, మే 17న, ఐక్యాన్ ఒక తాత్కాలిక నిబంధన ఆమోదించింది. దాంతో ప్రపంచమంతటా రికార్డుల్లో పేరు, వీధి, ఫోను ఉండే చోట 'రిడాక్టెడ్ ఫర్ ప్రైవసీ' (గోప్యత కోసం దాచాం) అన్న మాట వరసగా వచ్చి కూర్చుంది. దాన్ని నేను తప్పుపట్టను. ఇంటి చిరునామా లోకమంతా చూసేలా పెట్టడం ఎప్పుడూ తప్పే, దానివల్ల బెదిరింపులు ఎదుర్కొన్నవాళ్ళు ఉన్నారు. కానీ మా రికార్డును బయటినుంచి చూస్తే పేరున్న చోట ఆ మూడు మాటలే. తప్పు పేరుందో, ఒప్పు పేరుందో తెలిసే వీల్లేదు. లాగిన్ అయి లోపలి పేజీకి వెళ్ళి చూస్తే తప్ప మాకే తెలియలేదు.

నాకు మండేది ఇక్కడ. అదే జీడీపీఆర్‌లో 16వ అధికరణం ఉంది. తన గురించిన వివరాలు తప్పుగా ఉంటే ఆలస్యం చేయకుండా దిద్దించుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందంటుంది. అడిగిన నెలలోగా జవాబివ్వాలని 12వ అధికరణం అంటుంది. అసలు వివరాలు సరిగ్గా, తాజాగా ఉంచడమే ఒక మూల సూత్రమని 5వ అధికరణం అంటుంది. ఆ చట్టం వర్తించని దేశాల వాళ్ళ రికార్డుల మీద కూడా ముసుగు కప్పేయడానికి రిజిస్ట్రార్లకి కొన్ని వారాలు చాలాయి. మరి అదే చట్టంలో ఉన్న దిద్దుబాటు హక్కుకి ఒక బటన్ కట్టడానికి ఇన్నేళ్ళూ చాల్లేదు. దాచడం చౌక, దిద్దడం ఖరీదు. దాచడానికి ఒక ప్రోగ్రాం రాస్తే చాలు. దిద్దాలంటే మనిషిని పెట్టాలి.

ఆ ఖర్చు నిజమేనని ఒప్పుకుంటాను. ఒక్క డొమైన్ మీద రిజిస్ట్రార్‌కి మిగిలేది చాలా తక్కువ. ఒక ఉద్యోగి గంటసేపు పత్రాలు చూస్తే ఎన్నో ఏళ్ళ లాభం ఎగిరిపోతుంది. అయితే డబ్బు తీసుకోండి. గడువు దాటి డొమైన్ పోగొట్టుకున్నవాడికి దాన్ని తిరిగి దక్కించుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ గడువు ఇచ్చి, ఆ పనికి మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ వసూలు చేసే ఏర్పాటు వీళ్ళ దగ్గర ఉంది. మర్చిపోయినవాడి కోసం రుసుముతో దారి ఉన్నప్పుడు, గుర్తుపెట్టుకుని దిద్దుతానని వచ్చినవాడి కోసం ఎందుకు లేదు? నేను కట్టడానికి సిద్ధమనే చెప్పాను. అలాంటి ఫీజు మా దగ్గర లేదన్నారు.

నేను అడిగేది పెద్ద విప్లవమేం కాదు. డొమైన్ దొంగతనంలో అసలు నష్టం జరిగేది పేరు మారినప్పుడు కాదు, డొమైన్ ఆ రిజిస్ట్రార్‌ని దాటి వెళ్ళిపోయినప్పుడు, నేమ్ సర్వర్లు మారినప్పుడు. నేమ్ సర్వర్లు మార్చడానికి నన్ను ఎవరూ ఏ పాత ఈమెయిలూ అడగలేదు, చూశారా! సైటుని రాత్రికి రాత్రి ఎక్కడికైనా మళ్ళించగలిగినవాణ్ణి, యజమాని గడిలో పేరు దిద్దబోతే దొంగని చూసినట్టు చూస్తున్నారు. దిద్దుబాటునీ బదిలీనీ విడదీయండి. కొన్నేళ్ళుగా డబ్బు కట్టిన అకౌంటు నుంచి, రెండంచెల లాగిన్‌తో వచ్చిన దిద్దుబాటు కోరికను నమోదు చేసుకోండి. రికార్డులో ఉన్న అన్ని పాత చిరునామాలకీ కబురు పెట్టండి, ఫోనుకి కూడా, పోస్టులో కూడా. నెల ఆగండి. ఆ నెలంతా, ఆ తర్వాత ఇంకొన్నాళ్ళూ డొమైన్ కదలకుండా తాళం వేయండి, నాకేం అభ్యంతరం లేదు. ఎవరూ కాదనకపోతే పేరు మార్చండి. ఎవరైనా కాదంటే అప్పుడు పత్రాలు అడగండి. ఇప్పుడు మౌనమంటే తిరస్కారం. దిద్దుబాటు వరకైనా మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చు, ఎందుకంటే డొమైన్ ఎక్కడికీ పోదు, మళ్ళీ వెనక్కి తిప్పొచ్చు.

తన రికార్డు తప్పని తానే చెప్పినవాడి మీద 15 రోజుల గడియారం నడపకూడదన్నది రెండోది. ఆ గడియారం దాక్కున్నవాడి కోసం పెట్టింది. ఆర్‌డీఏపీలో వ్యాఖ్యలు రాసే చోటు ఉంది, స్థితిగతులు చూపే చోటు ఉంది. 'దిద్దుబాటు విచారణలో ఉంది' అని ఒక ముక్క అక్కడ కనబడితే, రికార్డు చూసినవాడికీ తెలుస్తుంది, సైటూ నడుస్తూ ఉంటుంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

పాత మనిషి ఒప్పుకోలు, 60 రోజుల తాళం అన్న పద్ధతిని ఎత్తేయాలని ఐక్యాన్ లోపలి వర్కింగ్ గ్రూపే సిఫార్సు చేసింది. అది నియమంగా మారి రిజిస్ట్రార్ల స్క్రీన్ల మీదికి దిగేసరికి చాలా కాలం పడుతుంది. కానీ దానికోసం కాచుకోనక్కర్లేదు. ఇప్పుడున్న నియమంలోనే, రిజిస్ట్రెంట్ తరఫున ఆమోదం తెలపడానికి ఒక ప్రతినిధిని ముందుగా నియమించుకునే వీలుంది. చాలామంది రిజిస్ట్రార్లు దాన్ని తమ షరతుల్లో ఎక్కడో కలిపేసి, తమకి అనుకూలంగా ఉన్నప్పుడు వాడుకుంటారు. కస్టమర్‌కి అవసరమైనప్పుడు అది గుర్తుకు రాదు.

మా డొమైన్ ఇప్పటికీ లేని కంపెనీ పేరు మీదే ఉంది. ఈ ఏడాది రెన్యువల్ డబ్బు మా కార్డు నుంచే పోయింది, క్షణంలో, ఏ ప్రశ్నా లేకుండా. డిజైనర్ గారు పాపం కంపెనీ మూసినప్పటి కాగితాల కోసం పాత అట్టపెట్టెలు వెతుకుతున్నారు.

మీకో, మీరు పనిచేసే సంస్థకో డొమైన్ ఉంటే బయటినుంచి రికార్డు వెతికి చూసి ఊరుకోకండి, అక్కడ పేరున్న చోట చాలాసార్లు ముసుగే కనిపిస్తుంది. లాగిన్ అయి లోపలి పేజీలో రిజిస్ట్రెంట్ ఈమెయిల్ ఏముందో, ఆర్గనైజేషన్ గడిలో ఎవరి పేరుందో చూడండి. అకౌంటు ఈమెయిల్ వేరు, అది వేరు. ఆ ఈమెయిల్‌ని అదే డొమైన్ మీద గానీ, ఎప్పుడైనా మూతపడే కంపెనీ డొమైన్ మీద గానీ ఉంచకండి. వేరేవాళ్ళ పేరుంటే, ఆ మనిషి పాత మెయిల్‌బాక్స్ ఇంకా తెరవగలిగే రోజుల్లోనే పక్కన కూర్చోబెట్టుకుని లింకు నొక్కించండి. వేరే రిజిస్ట్రార్‌కి మారే ఆలోచన ఉంటే ముందు ఆ మారడం పూర్తి చేసుకుని, ఆ తర్వాత పేరు ముట్టుకోండి. లేదంటే 60 రోజులు ఆగాలి.